బిషప్ అజరయ్య

దైవప్రేమను ఎదుటివారిలో వెదకుట సులభం. వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు దానిని తనలోనే పరీక్షించుకొన్నారు. 1874లో తిరునల్వేలి సీమలో పాస్టరుగారి ఇంట జన్మించిన ఈ తమిళులు వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా పేరు గడించారు. 1902లో జాఫ్నా వెళ్లి, అచ్చటి క్రైస్తవులు పరప్రాంతాలకు సేవకులను పంపుట చూచి, తమవారి భక్తి గడప దాటలేదని సిగ్గుపడ్డారు. మరుసటి ఏటనే తిరునల్వేలిలో మిషనరీ సంఘం వెలసింది.

అయితే పరులను పొమ్మని తాను నిలిచిపోవుట ఎట్టి ప్రేమ? 1909లో ఉద్యోగం విడిచి నిజాం రాజ్యంలోని దోర్నకల్ చేరి, ముప్పది దాటిన వయస్సులో తెలుగు నేర్చి, మాల మాదిగ పల్లెల్లో తిరిగారు. పరభాషను అక్షరాల నుండి దిద్దుకొనుట ఉపవాసం కన్న కఠినమని నాకు తోస్తుంది.

1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయ్యారు. నాటి మన కర్నూలు జిల్లాలోని నంద్యాల ప్రాంతమూ తరువాత వారి పాలనలోకి వచ్చింది. 1939లో ప్రతిష్ఠించిన దోర్నకల్ దేవాలయంలో మసీదు గుమ్మటాలూ, గుడి స్తంభాలూ కలిసి నిలిచాయి. 1945 జనవరి 1న వారు దోర్నకల్‌లోనే కన్నుమూశారు.