నాలుగుసార్లు దూకిన పైలట్: చార్లెస్ లిండ్‌బర్గ్



మీ పిల్లలు కంప్యూటర్‌లో యుద్ధవిమానాల ఆట ఆడుతుంటే మీరు చూసే ఉంటారు. విమానానికి దెబ్బ తగిలి పొగ వస్తుంది. అప్పుడు ఒక బటన్ నొక్కితే పైలట్ బయటికి దూకుతాడు, పారాచూట్ విచ్చుకుంటుంది. కొందరు పిల్లలు ఆ బటన్ నొక్కరు. విమానాన్ని వదిలితే ఓడిపోయినట్టే అనుకుని, చివరిదాకా పట్టుకుని నేలకు గుద్దేస్తారు. ఆటలో అయితే మళ్లీ మొదలుపెట్టవచ్చు. నిజం విమానాల్లోంచి నాలుగుసార్లు దూకి బతికిన మనిషి కథ ఈ నెల మీకోసం.

చార్లెస్ లిండ్‌బర్గ్ 1902లో అమెరికాలోని డెట్రాయిట్‌లో పుట్టారు, మిన్నెసోటా రాష్ట్రంలో పెరిగారు. తల్లి కెమిస్ట్రీ టీచర్, తండ్రి చట్టసభ సభ్యుడు. విస్కాన్సిన్ యూనివర్సిటీలో ఇంజనీరింగ్‌లో చేరినా మార్కులు సరిగా రాలేదు. 1922లో ఆ చదువు మధ్యలోనే ఆగిపోయింది. వెంటనే నెబ్రాస్కాలో విమానం నడపడం నేర్చుకోవడానికి చేరారు. ఊరూరా జరిగే విమాన ప్రదర్శనల్లో పారాచూట్‌తో దూకేవారు. 1924లో సైన్యం నడిపే పైలట్ల బడిలో చేరారు. అక్కడ మొదలుపెట్టిన 104 మందిలో చివరిదాకా మిగిలింది 18 మంది. వాళ్లలో మొదటి స్థానం ఆయనదే.

ఆ శిక్షణ ముగియడానికి కొద్ది రోజుల ముందు, 1925 మార్చిలో, టెక్సాస్‌లో ఉత్తుత్తి యుద్ధం సాధన చేస్తుండగా ఆయన విమానం తోటి పైలట్ విమానాన్ని గుద్దుకుంది. రెండూ చిక్కుకుపోయి కలిసి కిందికి పడసాగాయి. లిండ్‌బర్గ్ దూకారు, కానీ పారాచూట్ వెంటనే తెరవలేదు. శిథిలాలు మీద పడకుండా వాటికి దూరమయ్యాకే తెరిచారు. ఇద్దరూ క్షేమంగా దిగి, అదే రోజు మళ్లీ విమానం ఎక్కారు.

అదే ఏడాది జూన్‌లో కొత్త విమానం ఒకటి పరీక్షిస్తుంటే అది గిరగిరా తిరుగుతూ అదుపు తప్పింది. దాన్ని సరిచేయాలని చాలాసేపు ప్రయత్నించి, 350 అడుగులకంటే తక్కువ ఎత్తులో దూకారు. పారాచూట్ విచ్చుకోవడానికి చాలీచాలని ఎత్తు అది.

తర్వాత సెయింట్ లూయిస్, షికాగో నగరాల మధ్య ఉత్తరాలు మోసే విమానం నడిపారు. 1926 సెప్టెంబర్‌లో ఒక రాత్రి నేలంతా పొగమంచు కమ్మేసింది. ఎక్కడ దిగాలో కనబడలేదు, పెట్రోల్ అయిపోయింది. దూకారు. ఇంజన్ ఎలాగూ ఆగిపోయిందని స్విచ్ ఆపకుండా వచ్చేశారు. విమానం ముక్కు కిందికి వంగగానే మిగిలిన కాస్త పెట్రోల్ ఇంజన్‌లోకి చేరింది. అది మళ్లీ మొదలై, పారాచూట్‌కు వేలాడుతున్న ఆయన చుట్టూ పైలట్ లేకుండా తిరగసాగింది. అది తగలకపోవడం అదృష్టం. మొక్కజొన్న చేలో దిగి, కూలిన విమానాన్ని వెతికి, ఉత్తరాల సంచులను ముందుకు పంపించాకే ఆయన పని ముగిసింది.

నవంబర్‌లో అదే దారిలో మంచు తుఫాను వచ్చింది, మళ్లీ పెట్రోల్ అయిపోయింది. ఈసారి సుమారు 13,000 అడుగుల ఎత్తులో ఉండగానే నిర్ణయం తీసుకున్నారు. ముందు స్విచ్‌లు ఆపారు, తర్వాతే దూకారు. రెండు నెలల క్రితం చేసిన పొరపాటు మళ్లీ జరగలేదు.

ఏం జరిగిందో, ఏ క్రమంలో జరిగిందో ఆయన నివేదికల్లో వివరంగా రాశారు. స్విచ్ ఆపడం మరచిపోయిన సంగతి కూడా దాచలేదు.

1927 మేలో, 25 ఏళ్ల వయసులో, న్యూయార్క్ నుంచి ప్యారిస్‌కు ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా 33 గంటలకు పైగా ప్రయాణించారు. అలా అట్లాంటిక్ దాటిన తొలి పైలట్ ఆయనే. నాలుగుసార్లు ప్రాణం కాపాడిన పారాచూట్‌ను ఆ ప్రయాణంలో మాత్రం వెంట తీసుకెళ్లలేదు. బరువు తగ్గించుకోవడమే ముఖ్యమని లెక్క వేసుకున్నారు. 1974లో హవాయిలో కన్నుమూశారు.

ఆయన చేసిన ప్రతిదీ ఆదర్శం కాదు. అమెరికా రెండో ప్రపంచ యుద్ధంలో చేరకూడదని వాదిస్తూ, 1941లో యూదుల గురించి చేసిన ప్రసంగం తీవ్ర విమర్శలకు గురైంది. పిల్లలకు ఆయన గురించి చెప్పేటప్పుడు ఇదీ చెప్పండి.

ఇక మన పిల్లల సంగతి. ఒక సబ్జెక్టు అర్థం కావడం లేదని చెప్పడానికి చాలామంది భయపడతారు. చెబితే ఓడిపోయినట్టే అనుకుంటారు. మనకు తెలిసేసరికి పరీక్షలు ముంచుకొస్తాయి. పిల్లలు నోరు తెరిచి చెప్పాలంటే, చెప్పినందుకు తిట్లు పడవన్న నమ్మకం ముందు కలగాలి. ఈసారి మార్కులు తగ్గితే, ఎన్ని వచ్చాయని అడిగేముందు, ఏం జరిగిందో మొదటినుంచి చెప్పమనండి. మధ్యలో అడ్డుపడకుండా వినండి. అవసరమైతే క్లాస్ టీచర్‌ను ఈ నెలలోనే కలవండి, పరీక్షల దాకా ఆగకండి. ఇంకా ఎత్తులో ఉన్నప్పుడే దూకడం తేలిక.