వాగా? కాలువా?

మా దర్శి వైపు వాగు వేరు, కాలువ వేరు. వాగు దానంతటది పుట్టింది, వాన పడితేనే పారుతుంది. కాలువంటే సాగర్ కుడికాలువ నుంచి వచ్చే దర్శి బ్రాంచి. మనుషులు తవ్వింది, పైన గేటెత్తితేనే నీళ్లు. ఈ రెంటికీ ఒకే మాట చెల్లే భాషలో పుట్టాడు జొవాన్ని స్కియాపరెల్లీ. లోకం ఆయన్ని తప్పుగా గుర్తుపెట్టుకోవడానికి ఆ ఒక్క మాటే కారణమని నాకనిపిస్తుంది.

1835లో ఇటలీలోని సవిల్యానోలో పుట్టాడు. ట్యూరిన్‌లో హైడ్రాలిక్ ఇంజినీరింగ్ చదివి 1854లో డిగ్రీ తీసుకున్నాడు. మన బాపతే! మనసు మాత్రం ఆకాశం మీద. బెర్లిన్‌లో, రష్యాలోని పుల్కొవోలో ఖగోళశాస్త్రం నేర్చుకుని 1860లో మిలాన్ బ్రెరా అబ్జర్వేటరీలో చేరాడు. రెండేళ్లకే డైరెక్టర్, 1900 దాకా ఆయనే. ఏటా ఆగస్టులో రాలే పర్సీడ్ ఉల్కలు ఒక తోకచుక్క వదిలిన ధూళేనని తేల్చిందీ ఆయనే. పేరు నిలవడానికి ఆ పని ఒక్కటి చాలదా?

1877లో అంగారకుడు భూమికి బాగా దగ్గరికొచ్చాడు. ఈయన 22 సెంటీమీటర్ల టెలిస్కోపుతో రాత్రులకు రాత్రులు చూసి మ్యాపు గీశాడు. అందులో సన్నటి గీతలు. వాటిని కనాలి అన్నాడు. ఇటాలియన్‌లో అది వాగూ కావచ్చు, కాలువా కావచ్చు. ఇంగ్లీషులోకి వెళ్లేసరికి తవ్విన కాలువలైపోయాయి. కాలువలుంటే తవ్వినవాళ్లూ ఉండాలి కదా! అమెరికాలో పెర్సివల్ లోవెల్ 1894లో సొంత అబ్జర్వేటరీ కట్టించి మరీ, ధ్రువాల మంచునీళ్లను ఎండిన నేలకు పారించుకునే జీవుల కథ అల్లేశాడు. కాలువ చివరి భూముల రైతులకు ఆ కథ వెంటనే నచ్చుతుంది లెండి. స్కియాపరెల్లీ తొందరపడలేదు. అవి గ్రహం మీద సహజంగా ఏర్పడినవే కావచ్చని 1893లో రాశాడు. రెండేళ్ల తర్వాత మాత్రం అక్కడి జీవుల గురించి ఓ ఊహావ్యాసం రాసి తన సరదా కూడా తీర్చుకున్నాడు.

1910లో పోయాడు. జవాబు 1971 నవంబరులో మొదలైంది. మారినర్ 9 అంగారకుడి కక్ష్యలోకి చేరేసరికి గ్రహమంతా దుమ్ము తుఫాను. దుమ్ము అణిగేకొద్దీ కొన్ని మచ్చలు పైకి తేలాయి. వాటిలో ఒకటి ఆయన ఒలింపస్ మంచు అని పేరు పెట్టిన చోటే. మంచు కాదు, సుమారు 22 కిలోమీటర్ల ఎత్తున్న అగ్నిపర్వతం! గీతలు మాత్రం ఎక్కడా లేవు. విడివిడిగా ఉన్న మసక మచ్చల్ని కన్నే కలిపి గీతలుగా చూసింది. కానీ ఎప్పుడో నీళ్లు పారి కోసుకుపోయిన లోయలు, పిల్లపాయలతో సహా, ఫొటోల్లో పడ్డాయి. కాలువలు లేవు గానీ వాగులున్నాయన్నమాట, ఆయన గీసిన చోట్ల కాకపోయినా.

హెల్లాస్, థార్సిస్, ఎలీసియం అని ఆయన పెట్టిన పేర్లే నేటికీ మ్యాపుల్లో ఉన్నాయి. ఆ ఎండిన వాగుల్లో ఒకదాన్ని మాత్రం మంగళ వాలిస్ అంటారు. ఆ మంగళ మన మంగళవారంలోదే.