సవరల భాషాబంధువు – గిడుగు రామమూర్తి

హైదరాబాదు నగరంలోని నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ ప్రాంతాలు విద్యార్థులకు, ఉద్యోగార్థులకు నెలవులు. వివిధ జిల్లాల నుండి వచ్చిన యువతీయువకులు అక్కడి వసతిగృహాలలో, గ్రంథాలయంలో కలుసుకుంటారు. ఒకరి యాసను విని మరొకరు నవ్వడం, ఆ నవ్వుకు జంకి తన ఇంటి పలుకును దాచుకోవడం అక్కడ అరుదు కాదు. ఏ పలుకునైనా చెవియొగ్గి వినాలే గాని ఎగతాళి చేయరాదని తన జీవితంతో నిరూపించిన మహనీయుడు గిడుగు వెంకట రామమూర్తి. వ్యావహారిక భాషోద్యమ సారథిగా ఆయనను తెలుగువారందరూ ఎరుగుదురు. సవర భాషకు ఆయన చేసిన సేవ మాత్రం కొందరికే తెలుసు.

రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. తల్లిదండ్రులు వెంకమ్మ, వీర్రాజు. బాల్యంలోనే తండ్రి మరణించడంతో విజయనగరంలో మేనమామ ఇంట ఉండి చదువుకున్నారు. గురజాడ అప్పారావు అక్కడ ఆయనకు సహాధ్యాయి. 1880లో రామమూర్తి పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరారు.

పర్లాకిమిడి పరిసరాల కొండలు సవరల నివాసభూమి. వారి భాష తెలుగు వంటి ద్రావిడ భాష కాదు. ఒడియా వంటి ఆర్యభాష కూడా కాదు. అది ఆస్ట్రో ఏషియాటిక్ కుటుంబంలోని ముండా శాఖకు చెందినది. వారి లెక్కింపు సైతం విలక్షణమైనది. పదమూడును వారు పన్నెండు మీద ఒకటిగా చెబుతారు. ఇరవై తరువాత ఇరవైల చొప్పున లెక్కిస్తారు. ఆనాడు ఈ భాషకు లిపి లేదు, పుస్తకం లేదు. అందువల్ల సంతలోనూ కచేరీలోనూ సవరలు తమ కష్టాన్ని తమ మాటలలో చెప్పుకోలేక మోసపోయేవారు.

వారికి చదువు చెప్పాలంటే ముందుగా తాను వారి భాషను నేర్చుకోవాలని రామమూర్తి నిశ్చయించుకున్నారు. సవర, తెలుగు రెండూ తెలిసిన ఒక దళితుని తన ఇంట ఉంచుకొని, ఆయన వద్ద శిష్యరికం చేశారు. కులకట్టుబాట్లు బలంగా ఉన్న ఆ కాలంలో ఇది సాహసమే. తరువాత సవర గూడేలలో తిరిగి పదాలను, కథలను, పాటలను సేకరించారు. సవర భాషలో వాచకాలు రచించారు. సొంత ఖర్చుతో బడులు నడిపారు. ప్రభుత్వం తనకు పారితోషికం ఇవ్వజూపగా, దానిని తిరస్కరించి సవర పిల్లలకు బడి పెట్టమని కోరారు.

ఈ కృషికి ఆయన చెల్లించిన మూల్యం తక్కువ కాదు. మన్యపు జ్వరానికి వాడిన క్వినైన్ వల్ల ఆయన వినికిడి దెబ్బతిన్నది. ఇతరుల పలుకు వినడమే జీవితధ్యేయంగా చేసుకున్న వ్యక్తి తన చెవులనే కోల్పోవడం విధివైపరీత్యం. అయినా ఆయన పని ఆగలేదు. 1931లో ఆయన సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం ప్రచురించింది. అప్పటికి ఆయన వయస్సు దాదాపు 68 సంవత్సరాలు. అనంతరం నిఘంటువులు వెలువడ్డాయి. కుమారుడు సీతాపతి కూడా ఈ కృషిలో పాలుపంచుకున్నారు.

నిరక్షరాస్యుల నోటి భాషకూ నియమం ఉందని సవర అధ్యయనం ద్వారా గ్రహించిన రామమూర్తి, తెలుగు బాలురకు వాడుక భాషలోనే చదువు చెప్పాలని పోరాడడం సహజమే. ఆయన చేసిన రెండు సేవలకూ మూలం ఒక్కటే: బడి భాష బిడ్డ నోటికి దగ్గరగా ఉండాలన్న తపన.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరగా, ఆయన ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వచ్చారు. 1940 జనవరి 22న మద్రాసులో కన్నుమూశారు.

2011 జనాభా లెక్కల ప్రకారం సవరను మాతృభాషగా పేర్కొన్నవారు 4 లక్షలకు పైగా ఉన్నారు. అయినా చదువు కోసం, ఉపాధి కోసం ఇతర భాషలను ఆశ్రయించక తప్పని స్థితిలో చిన్న భాషల మనుగడ సులభం కాదు. తల్లి ఒడిలోనే గాక బడిలోనూ వినిపించినప్పుడే భాష నిలుస్తుంది. గిడుగు జయంతిని మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము. సాటి మనిషి పలుకును గౌరవించడమే ఆ మహనీయునికి మనం అర్పించగల నిజమైన నివాళి.