మా నాయన చూసిన టపా విమానం – జె.ఆర్.డి. టాటా

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి వ్రాయవలసిందిగా కార్యదర్శి గారు కబురు పంపారు. మాచాని సోమప్ప గారి గురించో, గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి గురించో మన సభ్యులు తప్పక వ్రాస్తారని నాకు తెలుసు. వారిని గురించి నాకంటె బాగా తెలిసినవారు మనలో ఉన్నారు. నేను రైల్వే మెయిల్ సర్వీసులో ముప్పై ఆరేండ్లు టపా సంచులు విప్పి కట్టినవాణ్ణి. రాయచూరు, ఆదోని, గుంతకల్లు మధ్య రాత్రిపూట ఊగే పెట్టెలో నిలబడి ఉత్తరాలు గళ్ళలో వేసినవాణ్ణి. అందుకని నాకు తోచిన పేరు జె.ఆర్.డి. టాటా గారిది. పార్శీ ఆయనకు, మన ఆదోనికి ఏమిటయ్యా సంబంధం అని అడుగుతారేమో, కొంచెం ఓపిక పట్టండి.

ఇప్పటి పిల్లలకు తెలియదు గాని, 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలోనిది. ఎమ్మిగనూరు కూడా ఆ తాలూకాలోనిదే. కోర్టు పనికైనా, కలెక్టరు కచేరీ పనికైనా మన పెద్దలు కర్నూలుకు కాదు, గుంతకల్లు మీదుగా బళ్ళారికి పోయేవారు. కాబట్టి 1932 అక్టోబరులో టాటా వారి మొదటి టపా విమానం బళ్ళారిలో దిగినప్పుడు, అది మన జిల్లాలోనే దిగిందన్నమాట. అప్పటికి మా నాయనకు పదిహేడేండ్లు. ఆదోని పత్తి ప్రెస్సులో గుమస్తాగా అప్పుడే చేరాడు. ఆ చలికాలంలో బళ్ళారిలో మేనమామ గారింటికి పోయి, ఊరి బయట మైదానంలో ఆ విమానాన్ని కళ్ళారా చూశాడు. దాంట్లోంచి దిగిన దొరను కూడా చూశాడు. టాటాను చూశానని బ్రతికినన్నాళ్ళూ చెప్పుకున్నాడు.

టాటా గారు 1904 జూలై 29న పారిస్‌లో పుట్టారు. తండ్రి పార్శీ, తల్లి ఫ్రెంచి వనిత. వేసవిలో కుటుంబం సముద్రపు ఒడ్డున ఒక ఊళ్ళో గడిపేది. ఇంగ్లీషు ఛానలును మొట్టమొదట విమానంలో దాటిన బ్లేరియో గారికీ అక్కడ ఇల్లు ఉండేది. ఇసుకలో దిగే ఆ విమానాలను చూస్తూ పెరిగిన పిల్లవాడికి వేరే పిచ్చి ఎట్లా పడుతుంది? పదిహేనో ఏట ఒకసారి విమానం ఎక్కే అవకాశం దొరికింది. ఇరవయ్యో ఏట ఫ్రెంచి చట్టం ప్రకారం ఒక సంవత్సరం సైన్యంలో గుర్రపు దళంలో పనిచేశారు. ఆయన ఇంకా అక్కడే ఉందామనుకున్నా తండ్రి ఒప్పుకోక పిలిపించుకున్నారు. కొద్దికాలానికే ఆ దళం మొరాకో పోరులో తుడిచిపెట్టుకుపోయింది. తండ్రి మాట వినడం ఒక్కోసారి ప్రాణాలు నిలుపుతుంది.

1925లో బొంబాయి వచ్చి కంపెనీలో జీతం లేని అప్రెంటిసుగా చేరారు. 1929లో బొంబాయి ఫ్లయింగ్ క్లబ్బు తెరిచిన కొద్దిరోజులకే అక్కడ చేరి, కొన్ని గంటల శిక్షణతోనే ఒంటరిగా ఎగిరారు. ఫిబ్రవరి 10న ఈ దేశంలో ఇచ్చిన మొదటి లైసెన్సు, ఒకటో నంబరుది, ఆయన చేతికి వచ్చింది.

ఆ మరుసటి సంవత్సరం జరిగిన సంగతి నాకు చాలా ఇష్టమైనది. ఇంగ్లండుకు ఇండియాకు మధ్య ఒంటరిగా విమానం నడిపిన మొదటి భారతీయుడికి ఆగాఖాన్ గారు బహుమతి ప్రకటించారు. టాటా గారు కరాచీ నుంచి బయలుదేరారు. ఆస్పీ ఇంజనీరు అనే పదిహేడేండ్ల కుర్రవాడు ఇంగ్లండు నుంచి ఎదురు వస్తున్నాడు. ఈజిప్టులో ఒక మైదానంలో టాటా గారు దిగేసరికి ఆ కుర్రవాడు ఇంజను స్పార్కు ప్లగ్గులు చెడిపోయి దిక్కుతోచక కూర్చుని ఉన్నాడు. టాటా గారు తన దగ్గర అదనంగా ఉన్న ప్లగ్గులు ఇచ్చేశారు. ఆ కుర్రవాడే కొద్ది గంటల తేడాతో పందెం గెలిచాడు. ఓడిపోయినందుకు టాటా గారు ఎన్నడూ చింతించలేదు. ఆ పందెం గెలుపుతో పేరు తెచ్చుకున్న ఆస్పీ తరువాత వైమానిక దళంలో చేరి, అంచెలంచెలుగా పెరిగి, 1960 నుంచి 1964 వరకు దళాధిపతిగా పనిచేశారు. సివిలు పైలట్లు, మిలటరీ పైలట్లు అని మనం ఇప్పుడు వేరువేరుగా చెప్పుకుంటాము గాని, మొదట్లో వాళ్ళందరూ ఒకే క్లబ్బులో, ఒకే రకం చిన్న విమానం మీద అక్షరాభ్యాసం చేసినవాళ్ళే.

టపా విమానం ఆలోచన టాటా గారిది కాదు, నెవిల్ విన్సెంట్ అనే దొరది. ఆయన బ్రిటిషు వైమానిక దళంలో పనిచేసి, మధ్యప్రాచ్యంలో సాహసానికి పతకం పొంది, కొలువు వదిలి వచ్చినవాడు. 1929లో స్నేహితునితో ఈ దేశానికి వచ్చి ఊరూరా జనాన్ని విమానం ఎక్కించి చూపిస్తూ తిరిగాడు. అట్లా తిరిగేటప్పుడే ఆయనకు ఈ దేశపు మైదానాలు, గాలులు తెలిశాయి. లండను నుంచి వారం వారం టపా కరాచీ దాకా విమానంలో వచ్చి, అక్కడినుంచి దక్షిణాదికి రైలులో నత్తనడకన పోయేది. దాన్ని కరాచీ నుంచి మద్రాసుకు విమానంలోనే పంపుదామని విన్సెంట్ అడిగితే, టాటా గారు పెద్దలను ఒప్పించి రెండు లక్షల రూపాయల పెట్టుబడి సంపాదించారు. ప్రభుత్వం సహాయధనం ఏమీ ఇవ్వలేదు. మోసిన టపాకు మాత్రం కూలి ఇస్తామన్నది.

1932 అక్టోబరు 15 తెల్లవారుజామున టాటా గారు కరాచీ డ్రిగ్ రోడ్ మైదానం నుంచి పస్ మాత్ అనే ఒంటి ఇంజను విమానంలో 25 కిలోల టపాతో లేచారు. అహమ్మదాబాదులో పెట్రోలు డబ్బాలు ఎద్దుల బండి మీద వచ్చాయి. మధ్యాహ్నానికి జూహూలో దిగారు. అక్కడినుంచి టపా సంచులు అందుకుని బళ్ళారికి, రాత్రి మజిలీ తరువాత మద్రాసుకు విమానం నడిపినది విన్సెంట్. రేడియో లేదు, దారి చూపే దీపం లేదు. కింద రైలు పట్టాలు, ఏర్లు, గుట్టలు చూసుకుంటూ పోవడమే. బొంబాయి మద్రాసు మెయిలులో పనిచేసిన నాకు ఆ దారి ఎంత దూరమో కాళ్ళకు తెలుసు.

ఇక్కడ ఒక చిత్రం చూడండి. మన వైమానిక దళానికి చట్టం వచ్చినది 1932 అక్టోబరు 8న. టాటా టపా విమానం లేచినది సరిగ్గా వారం తరువాత. 1933 ఏప్రిల్ 1న దళపు మొదటి స్క్వాడ్రను నాలుగు వాపిటీ విమానాలతో మొదలైనది కూడా ఆ డ్రిగ్ రోడ్‌లోనే. అంటే ఒకవైపు టపా సంచులతో టాటా విమానం, ఇంకోవైపు యుద్ధవిద్య నేర్చుకునే మన కుర్రవాళ్ళు, ఒకే ఊరి ఆకాశంలో పెరిగారు. కవల పిల్లలంటే తప్పు కాదు.

మొదటి సంవత్సరం లెక్కలు చెబుతాను, టపా మనిషిని గనుక లెక్కలు లేకుంటే నాకు తోచదు. 1,60,000 మైళ్ళు నడిచి, 155 మంది ప్రయాణీకులను మోసి, 60,000 రూపాయలు లాభం చూపారు. వానాకాలంలో జూహూ మైదానం బురదలో మునిగిపోతే పూనా నుంచి నడిపారు గాని సేవ మాత్రం ఆపలేదు. కొంతకాలానికి బళ్ళారికి బదులు హైదరాబాదు మజిలీ అయింది. దానితో మన జిల్లా ఆకాశం మళ్ళీ గద్దలకే మిగిలింది.

యుద్ధం వచ్చాక క్లబ్బులలో సరదాగా నేర్చుకున్నవాళ్ళకు పిలుపు వచ్చింది. సముద్రతీరాల కాపలాకు ఏర్పాటు చేసిన దళాలలో ఇట్లాంటి సివిలు పైలట్లే ఎక్కువ. అటువంటి దళం ఒకటి మన విశాఖపట్నంలో ఉండేది. బేగంపేటలో నిజాం రాజ్యపు ఏరో క్లబ్బు ఉన్నచోటనే వైమానిక దళం కుర్రవాళ్ళకు తొలి శిక్షణ పాఠశాల పెట్టారు. విన్సెంట్ మాత్రం 1942లో ఇంగ్లండు నుంచి తిరిగివస్తూ ఫ్రాన్సు తీరం దగ్గర శత్రువుల పాలబడి విమానంతో సహా పోయాడు. సైన్యం నుంచి వచ్చి టపా మోసినవాడు చివరకు యుద్ధంలోనే ప్రాణం విడిచాడు. టాటా గారు ఆ దుఃఖం చాలాకాలం మరవలేదు.

1947 అక్టోబరు 27న కాశ్మీరుకు సైన్యాన్ని తరలించవలసి వచ్చినప్పుడు దళం దగ్గర విమానాలు చాలలేదు. ప్రయాణీకులను దించేసి సివిలు కంపెనీల డకోటాలు ఢిల్లీ నుంచి శ్రీనగర్‌కు సిపాయీలను మోశాయి. పోరు విమానాలు కూడా అదే ఆకాశంలో తిరిగాయి. మరుసటి సంవత్సరం వైమానిక దళం టాటా గారికి గౌరవ గ్రూప్ కెప్టెన్ హోదా ఇచ్చింది. 1966లో ఎయిర్ కమోడోర్, 1974లో ఎయిర్ వైస్ మార్షల్ హోదాలు వచ్చాయి.

ఆ 1948లోనే జూన్ 8న ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ విమానం బొంబాయి నుంచి లండనుకు లేచింది. 1953లో ప్రభుత్వం విమాన కంపెనీలన్నింటినీ స్వాధీనం చేసుకున్నప్పుడు టాటా గారు మనసు కష్టపెట్టుకున్నారు గాని, ఛైర్మనుగా ఉండమంటే ఒప్పుకుని పాతికేండ్లు నడిపారు. కిటికీ తెరలు, కాఫీ రుచి దాకా చూసి చీటీలు వ్రాసేవారట.

ఒక విషయంలో మాత్రం నేను ఆయన పక్షం కాదు. 1949లో మంత్రి కిద్వాయ్ గారు రాత్రి విమాన టపా పెట్టారు. నాలుగు మహానగరాల నుంచి విమానాలు అర్ధరాత్రి నాగపూరులో కలిసి సంచులు మార్చుకునేవి. రాత్రి దిగడానికి తగిన ఏర్పాట్లు లేనిదే అది ప్రమాదమని టాటా గారు గట్టిగా వ్యతిరేకించారు. పైలట్ల ప్రాణం గురించి ఆయన చెప్పినది అబద్ధం కాదు. అయినా ఆ సేవ ఏండ్ల తరబడి నడిచింది. బొంబాయిలో సాయంత్రం వేసిన ఉత్తరం మరునాడు మద్రాసులో పంచాము. మా శాఖవాళ్ళం ఆ గర్వం వదులుకోము.

1978 ఫిబ్రవరిలో అప్పటి ప్రభుత్వం ఆయనను ఎయిర్ ఇండియా ఛైర్మను పదవి నుంచి తప్పించింది. ఆ స్థానంలో నియమించినది ఎయిర్ చీఫ్ మార్షల్ పి.సి. లాల్ గారిని. 1971 యుద్ధంలో వైమానిక దళాన్ని నడిపినవారు ఆయన. ఆయన కూడా కుర్రతనంలో ఢిల్లీ ఫ్లయింగ్ క్లబ్బులో నేర్చుకుని ఆ తరువాత దళానికి పోయినవారే. నలభై ఆరేండ్లు పెంచిన సంస్థ నుంచి తనను తీసేశారన్న వార్త టాటా గారికి ప్రభుత్వం నుంచి కాక, ముందుగా లాల్ గారి నోటనే తెలిసింది. లాల్ గారు పాపం మొహమాటపడుతూ చెప్పవలసివచ్చింది. చివరిరోజున పూలమాల వేసి, చేతిగడియారం ఇచ్చి, ఇంటిదాకా సాగనంపిన మన శాఖల మర్యాద అంతటి మనిషికి దక్కలేదు. పైగా ఆయన ఆ పదవికి జీతం తీసుకోలేదు. రిటైరైనవాళ్ళం గనుక ఆ నొప్పి మనకు వివరించనక్కరలేదు.

అలిగి మూల కూర్చోలేదు. 1982 అక్టోబరు 15న, మొదటి ప్రయాణానికి యాభై ఏండ్లు నిండినరోజున, డెబ్బై ఎనిమిదో ఏట, లెపర్డ్ మాత్ అనే పాత విమానంలో ఒంటరిగా కరాచీ నుంచి బొంబాయికి మళ్ళీ నడుపుకుంటూ వచ్చారు. ఆ వార్త పత్రికలో వచ్చినరోజు మా నాయనకు నేనే చదివి వినిపించాను. ఆయనకప్పటికి చూపు తగ్గింది. బళ్ళారి మైదానంలో తాను చూసిన మనిషి ఇంకా విమానం నడుపుతున్నాడని పొంగిపోయి, వీధిలో అందరికీ చెప్పి వచ్చాడు. బళ్ళారి దాకా విమానం నడిపినది విన్సెంట్ అని ఆ పత్రికలోనే ఉంది. ఆ వాక్యం నేను చదవకుండా దాటేశాను. దాటేయడం తప్పో ఒప్పో నాకు ఇప్పటికీ తేలలేదు. ఆయన మరుసటి ఏడాదే కాలం చేశాడు.

టాటా గారికి 1992లో భారతరత్న వచ్చింది. 1993 నవంబరు 29న జెనీవాలో కన్నుమూశారు. పుట్టిన పారిస్‌లోనే సమాధి చేశారు. 2022 జనవరిలో ఎయిర్ ఇండియా తిరిగి టాటాల చేతికి వచ్చింది. అది చూడడానికి ఆయన లేరు.

అల్వాల్‌లో మా పెద్దబ్బాయి మేడమీద కూర్చుంటే, హకీంపేటలో పోరు విమానాల శిక్షణ పొందే పిల్లలు గుంయ్‌మని తిరుగుతూ ఉండేవారు, బేగంపేటకు దిగే ప్రయాణీకుల విమానాలు వాటి పక్కగా పోయేవి. 2008లో శంషాబాదు వచ్చాక ఆ రద్దీ తగ్గింది. 2021లో మన ఓర్వకల్లు విమానాశ్రయం తెరిచారు. ఆ ఏడాదే మనవరాలు పట్టుబట్టి నన్ను అక్కడినుంచి విశాఖకు విమానంలో తీసుకుపోయింది. ఎమ్మిగనూరు నుంచి కారులో పోయి విమానం ఎక్కడం నా జీవితంలో అదే మొదలు. విశాఖ మైదానం నౌకాదళం వారిది. దిగేముందు మా విమానం సముద్రం మీద రెండు చుట్లు తిరిగింది. పిల్ల భయపడి నా చేయి పట్టుకుంది. నేవీ వాళ్ళ విమానాలు ముందు దిగుతున్నాయేమో, మన వంతు రావాలిగదా అని చెప్పి, మా నాయన బళ్ళారిలో చూసిన విమానం కథ మొదలుపెట్టాను. ఈసారి విన్సెంట్ పేరు దాటేయలేదు.