ఒకటిన్నర డాలరుతో మొదలైన యూనివర్సిటీ

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, డేటోనా బీచ్ ఊళ్లో బెథూన్-కుక్‌మన్ అనే యూనివర్సిటీ ఉంది. దాన్ని మొదలుపెట్టిన రోజున మేరీ మెక్‌లియడ్ బెథూన్ చేతిలో ఉన్నది ఒకటిన్నర డాలరు. ఆమె తల్లిదండ్రులు ఒకప్పుడు బానిసలు. అలాంటి ఇంట్లో పుట్టిన ఆడపిల్ల కాలేజీ ప్రెసిడెంట్ ఎలా అయిందో తెలుసుకుంటే, తాలీమ్ విలువ ఏంటో మళ్లీ ఒకసారి గుర్తుకొస్తుంది.

మేరీ 1875 జూలై 10న సౌత్ కరోలినా రాష్ట్రంలోని మేస్‌విల్ దగ్గర పుట్టింది. అప్పటికి అమెరికాలో బానిసత్వం రద్దై పదేళ్లే అయింది. తండ్రి సామ్యూల్, తల్లి ప్యాట్సీ. వాళ్లకు మొత్తం 17 మంది పిల్లలు, మేరీ 15వది. ఇంటిల్లిపాదీ పత్తి చేలో పనిచేసేవాళ్లు. తల్లి తెల్లవాళ్ల ఇళ్లకు బట్టలు ఉతికి ఇచ్చేది. ఒకరోజు తల్లి వెంట వెళ్లిన మేరీ, ఆ ఇంట్లో కనబడిన పుస్తకాన్ని చేతిలోకి తీసుకుంది. నీకు చదవడం రాదు, అది కింద పెట్టమని ఆ ఇంటి పిల్ల గద్దించింది. తెల్లవాళ్లకూ తమకూ అసలు తేడా ఈ చదువేనని ఆ చిన్న వయసులోనే మేరీ మనసుకు తట్టింది.

కొన్నాళ్లకు ఆ ఊళ్లో నల్లజాతి పిల్లల కోసం మిషన్ స్కూలు పెట్టారు. మేరీ మైళ్ల కొద్దీ నడిచి వెళ్లేది. బడిలో నేర్చుకున్నది ఇంటికొచ్చి అందరికీ నేర్పేది. ఆ తర్వాత పైచదువుకు డబ్బు లేదు. అప్పుడు ఎక్కడో డెన్వర్ నగరంలో బట్టలు కుట్టే మేరీ క్రిస్‌మన్ అనే ఆవిడ, తన సంపాదనలో కొంత పక్కన పెట్టి, ముక్కూమొహం తెలియని ఒక నల్లజాతి అమ్మాయి చదువు ఖర్చు భరించడానికి ముందుకొచ్చింది. టీచర్ ఎమ్మా విల్సన్ మేరీ పేరు సూచించారు. అలా 1888లో మేరీ నార్త్ కరోలినాలోని స్కోషియా సెమినరీలో చేరింది. ఆరేళ్లు అక్కడే చదివి, ఆ తర్వాత చికాగోలో మత శిక్షణ పూర్తిచేసింది.

ఆఫ్రికా వెళ్లి మిషనరీగా పనిచేయాలని మేరీ ఆశ. కానీ అక్కడ నల్లజాతి మిషనరీలకు ఉద్యోగాలు లేవని చర్చి బోర్డు తిప్పి పంపింది. ఆ దెబ్బ ఆమెకు గట్టిగా తగిలింది. అయితే కూర్చుని బాధపడలేదు. సేవ చేయాల్సిన జనం తన చుట్టూనే ఉన్నారని బడిపంతులమ్మగా మారారు. 1898లో ఆల్బర్టస్ బెథూన్‌తో పెళ్లయింది, మరుసటి ఏడాది కొడుకు పుట్టాడు.

డేటోనాకు రైల్వే పనుల కోసం నల్లజాతి కూలీ కుటుంబాలు వస్తున్నాయి, వాళ్ల పిల్లలకు బడి లేదు అని తెలిసి మేరీ అక్కడికి వెళ్లారు. 1904 అక్టోబరులో ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని ఐదుగురు ఆడపిల్లలతో, తన కొడుకుతో స్కూలు తెరిచారు. ఖాళీ చెక్కపెట్టెలే బల్లలు. ఎల్డర్‌బెర్రీ పళ్ల రసమే సిరా, కాలిన కట్టెల బొగ్గే పెన్సిలు. చిలగడదుంపలతో తీపి వంటకం చేసి కూలీలకు అమ్మి, ఆ పైసలతో బడి నడిపారు. రెండేళ్లు తిరిగేసరికి 250 మంది విద్యార్థులు అయ్యారు. ఊరి చెత్త పారేసే చోటు కొని, చదును చేసి బిల్డింగు లేపారు. భర్త 1907లో విడిగా వెళ్లిపోయినా స్కూలు ఆగలేదు.

చందాల కోసం మేరీ ఎవరి గడప తొక్కడానికీ సిగ్గుపడలేదు. సబ్బుల కంపెనీ కుటుంబానికి చెందిన జేమ్స్ గ్యాంబుల్ వంటి పెద్ద ధనవంతులను కూడా ట్రస్టీలుగా చేర్చుకున్నారు. కుట్టుపని, వంటతో పాటు హైస్కూలు చదువు, టీచర్ ట్రైనింగు, నర్సింగు కూడా వచ్చాయి. తన విద్యార్థిని ఒకరికి జబ్బు చేస్తే తెల్లవాళ్ల ఆస్పత్రిలో లోపల మంచం ఇవ్వకుండా వెనక వరండాలో పడుకోబెట్టారు. అది చూసి 1911లో ఆమె సొంతంగా ఆస్పత్రి పెట్టించారు.

1920లో ఆడవాళ్లకు ఓటుహక్కు వచ్చింది. నల్లజాతి ఆడవాళ్లు ఓటు వేయకుండా పన్ను, చదువు పరీక్ష అంటూ అడ్డంకులు పెట్టారు. మేరీ వాళ్లకు చదువు నేర్పి, పన్ను డబ్బులు పోగుచేశారు. దాంతో కు క్లక్స్ క్లాన్ ముఠా రాత్రిపూట ముసుగులు వేసుకుని స్కూలు మీదికి వచ్చింది. బడి తగలబడితే పదహారేళ్ల కష్టం బూడిదయ్యేది. అయినా ఆమె తప్పుకోలేదు, లైట్లన్నీ వేయించి ఎదురుగా నిలబడ్డారు. ముఠా వెనక్కి పోయింది. ఆ ఆడవాళ్లు వెళ్లి ఓటు వేశారు.

1923లో ఆమె స్కూలు జాక్సన్‌విల్‌లోని కుక్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌తో కలిసింది, మగపిల్లలు కూడా చేరారు. అది క్రమంగా కాలేజీగా ఎదిగింది. మేరీ 1942 వరకు ప్రెసిడెంటుగా ఉన్నారు, 1946లో మళ్లీ ఒక ఏడాది ఆ కుర్చీలో కూర్చున్నారు. ఆ కాలంలో కాలేజీకి ఆడవాళ్లు ప్రెసిడెంట్లు కావడమే అరుదు, నల్లజాతి స్త్రీ అయితే ఇక చెప్పక్కర్లేదు. 1935లో ఆమె నల్లజాతి మహిళల జాతీయ మండలిని స్థాపించారు. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రభుత్వంలో నల్లజాతి యువత వ్యవహారాల విభాగానికి అధికారి అయ్యారు. 1955 మే 18న కన్నుమూశారు. సమాధి తన కాలేజీ ఆవరణలోనే ఉంది. 2007లో ఆ కాలేజీ యూనివర్సిటీ అయింది.

అమెరికా పార్లమెంటు భవనంలో ఒక్కో రాష్ట్రానికి ఇద్దరి విగ్రహాలు ఉంటాయి. ఫ్లోరిడా తరఫున, బానిసత్వాన్ని నిలబెట్టాలని యుద్ధం చేసిన పక్షం జనరల్ విగ్రహం చాలా ఏళ్లు ఉండేది. 2022లో దాని స్థానంలో మేరీ బెథూన్ పాలరాతి విగ్రహం పెట్టారు.

ఈ కథలో ధనవంతుల చందాలు తర్వాత వచ్చాయి. అన్నిటికన్నా ముందు వచ్చింది బట్టలు కుట్టే ఒక ఆవిడ పక్కన పెట్టిన పైసలు. కుట్టుమిషను మీద ఇల్లు నడిపే అమ్మీలు మన మొహల్లాల్లోనూ ఉన్నారు. ఫీజు కట్టలేక పదో తరగతితో ఆగిపోయే అమ్మాయిలు కూడా ఆ గల్లీలోనే ఉంటారు. అలాంటి ఒక్క అమ్మాయి ఫీజు మనం కడితే, ఆ చదువు ఎంతమందికి చేరుతుందో మేరీ జీవితం చెబుతోంది.