హేవలాక్ సేనాని పతకములు

సర్ హెన్రీ హేవలాక్ 1795 ఏప్రిల్ 5న ఇంగ్లండులోని సండర్లాండు చెంత జన్మించెను. రాజమహేంద్రవరమున గోదావరిపై నున్న పాత హేవలాక్ వంతెన ఈయన పేరిటిదని మనలో కొందరు తలంతురు. అది మద్రాసు గవర్నరుగా నుండిన సర్ ఆర్థర్ హేవలాక్ పేరిటిది. మన సేనాని పేరు ధరించిన అండమాను ద్వీపము 2018లో స్వరాజ్ ద్వీపమైనది.

ఆ కాలపు ఆంగ్ల సైన్యములో పదవులు వెలకు దొరికెడివి. ధనవంతుడు త్వరగా కెప్టెనగును. ధనము లేనివాడు పైవాని మరణమునకై కనిపెట్టుకొని యుండవలెను. హేవలాక్ ధనము లేనివాడు. 1815లో సైన్యమున చేరినవాడు 1838లో గాని కెప్టెను కాలేదు. తనకంటె చిన్నవారు తనను దాటిపోవుట ఆయన 23 సంవత్సరములు చూచెను.

1823లో ఇండియాకు వచ్చు ఓడలో జేమ్స్ గార్డ్‌నర్ అను తోటి అధికారి ఆయనను క్రీస్తునొద్దకు నడిపించెను. మరుసటి యేట బర్మా యుద్ధము వచ్చినది. రంగూను పగోడాలో ఒక గదిని సంపాదించి, అచ్చట సైనికులను ప్రార్థనకు కూర్చుకొనెను. ఆ యుద్ధమునకు మద్రాసు సైన్యమునుండి అనేకులు సముద్రము దాటిరి; వారిలో మన తెలుగువారును ఉండిరి. లొంగిన ఆవా ఏనుగు బొమ్మగల పతకమును కంపెనీ సిపాయిలకు ఆ యుద్ధానంతరమే ఇచ్చెను. తెల్ల సైనికులకు మాత్రము 1851 వరకు పతకము రాలేదు. సాధారణముగా ఆలస్యము ఇతర పక్షమునకే గదా!

1829లో శ్రీరామపురపు మిషనెరీ జాషువా మార్ష్‌మన్ కుమార్తెయగు హన్నాను వివాహమాడి, 1830లో అచ్చటనే బాప్తిస్మము పొందెను. అధికారులలో బాప్తిస్టుగా నుండుట నాడు పరిహాసాస్పదము. 1835లో ఆయనను అడ్జుటెంటుగా నియమించుటకు కొందరు అడ్డుచెప్పగా, గవర్నర్ జనరల్ బెంటింక్ విచారణ చేయించి, పటాలమున సత్ప్రవర్తన గలవారు ఆయనతో ప్రార్థించువారేయని తెలిసికొని ఆ పదవి నిచ్చెను.

1836లో లాందూరునందు వారి బంగళా తగులబడెను. పసికూతురు మరణించెను, భార్య ఒడలు కాలి మరణముఖమునుండి బ్రదికెను. అప్పుడు ఆయన సైనికులు గుంపుగా వచ్చి, తమ నెల జీతమంతయు తీసికొమ్మని వేడుకొనిరి. ఆయన కృతజ్ఞతతో నిరాకరించెను. ఆయన పొందిన గౌరవములలో దీనినే నేను మొదట లెక్కింతును.

తరువాత గజనీ, జలాలాబాదు, మహారాజపూరు, సట్లెజ్ పతకములు వరుసగా వచ్చినవి. మహారాజపూరు నక్షత్రము పట్టుబడిన ఫిరంగుల కంచుతో పోతపోయబడినది.

1857 జూలై 17న ఆయన కాన్పూరు ప్రవేశించునప్పటికి బీబీఘర్‌లో స్త్రీలును పిల్లలును వధింపబడి రెండు దినములైనది. దోపిడిని ఆయన కఠినముగా నిషేధించెను. పట్టణములోని సారాయి నంతయు సైన్యముచేత కొనిపించి తన మనుష్యులను త్రాగుడునుండి తప్పించెను. అయితే దారిపొడుగున గ్రామస్థులను విచారణ లేక ఉరితీసిన ముందుదళము ఆయన సైన్యములోనే కలిసెను. ఆంగ్ల చరిత్రకారులు కొందరు ఈ భాగమును విజయగాథగా మాత్రమే వ్రాసిరి. భారతీయ క్రైస్తవులమైన మనము అట్లు చదువజాలము. సైనికుల సారాయిని గూర్చి అంత జాగ్రత్తపడిన మనస్సాక్షి ఆ చెట్లకు వ్రేలాడినవారిని గూర్చి ఏమనుకొనెనో అని అడుగకుండుట మనకు తగదు. ఆయన భక్తి నిజమైనది. ఆ ప్రశ్నయు నిజమైనదే.

సెప్టెంబరు 25న లక్నోలో ప్రవేశించి, తానును ముట్టడిలో చిక్కుకొనెను. నవంబరులో క్యాంప్‌బెల్ సైన్యము వచ్చినప్పుడు, తనకు నైటు బిరుదు వచ్చిన సంగతి తెలిసెను. అప్పటికే రక్తవిరేచనములు పట్టుకొనినవి. దిల్కుషాలో ఒక సిపాయి డేరాలో, చేతికి గాయమైన కుమారుడు ప్రక్కనుండి పరిచర్య చేయగా, నవంబరు 24న సమాధానముతో ప్రభువునందు నిద్రించెను. ఆ వార్త ఎరుగని లండనులో రెండు దినములకు ఆయనకు బారొనెట్ పదవి ప్రకటింపబడెను. తిరుగుబాటు పతకము 1858లో ఏర్పడినది. అప్పటికి ఆయన ఆలంబాగులో ఒక మామిడి చెట్టు క్రింద పాతిపెట్టబడి యుండెను. ఆ చెట్టు బెరడుపై గుర్తుగా ఆయన పేరులోని మొదటి అక్షరము మాత్రము చెక్కిరి.