చెరసాల నుంచి కాబా వరకు: మాల్కం ఎక్స్ జీవితం

ఒకసారి జైలుకు వెళ్ళి వచ్చినవాడికి పాస్‌పోర్టు రాదనీ, ఇక హజ్ భాగ్యం లేనట్లేననీ మనలో చాలామంది అనుకుంటారు. అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ జీవితం ఈ విషయంలో ఎంతో నేర్పుతుంది.

మాల్కం లిటిల్ 1925 మే 19న అమెరికాలోని ఒమాహా పట్టణంలో జన్మించారు. తండ్రి క్రైస్తవ బోధకుడు. 1931లో ఆయన ట్రాము కింద పడి మరణించారు. 1939లో తల్లిని మానసిక చికిత్సాలయంలో చేర్చారు. ఇల్లు చెదిరిపోయింది. బోస్టన్, న్యూయార్క్ వీధుల్లో మాల్కం జూదానికీ, మత్తుమందులకూ, దొంగతనాలకూ అలవాటు పడ్డారు. దొంగసొత్తయిన గడియారాన్ని మరమ్మతుకు ఇచ్చి 1946 జనవరిలో పట్టుబడ్డారు. అప్పటికి 21 ఏళ్ళు కూడా నిండని ఆ యువకునికి 8 నుంచి 10 ఏళ్ళ జైలుశిక్ష పడింది.

జైలు ఆయనకు పాఠశాల అయింది. నిఘంటువును చేత్తో ఎత్తి రాసుకుంటూ భాష నేర్చుకున్నారు. రాత్రింబవళ్ళు పుస్తకాలు చదివారు. తోబుట్టువుల ద్వారా 'నేషన్ ఆఫ్ ఇస్లాం' అనే సంస్థతో పరిచయం కలిగింది. పేరులో ఇస్లాం ఉన్నా, ఆ సంస్థ విశ్వాసాలు అసలు ధర్మానికి దూరంగా ఉండేవి. అయినా వ్యసనాలన్నీ వదిలించుకోవడానికి అదే ఆయనకు తొలి మెట్టయింది. 1952 ఆగస్టులో పెరోల్‌పై విడుదలయ్యారు. 1953లో ఆ పెరోల్ కూడా ముగిసింది. చట్టానికి ఆయన చెల్లించవలసిన బాకీ ఇక మిగలలేదు.

ఆ రోజుల్లో అమెరికా ప్రభుత్వం తనకు గిట్టని భావాలు గలవారికి పాస్‌పోర్టు నిరాకరించేది. అటువంటి నిరాకరణ చెల్లదనీ, ప్రయాణించే హక్కు పౌరుని స్వేచ్ఛలో భాగమేననీ అక్కడి సుప్రీంకోర్టు 1958లో తీర్పు ఇచ్చింది. ఆ మరుసటి ఏడాదే, అంటే 1959లో, మాల్కం ఈజిప్టు, సౌదీ అరేబియా తదితర దేశాలు సందర్శించారు. పాత శిక్ష ఆ ప్రయాణానికి అడ్డు కాలేదు.

1964 మార్చిలో ఆయన ఆ సంస్థను విడిచిపెట్టారు. హజ్ చేయాలన్న తపన పెరిగింది. ఖర్చులకు సవతి అక్క ఎల్లా డబ్బు సర్దారు. హజ్ వీసా కోసం కైరో విశ్వవిద్యాలయ ఆచార్యులు డాక్టర్ మహమూద్ షవార్బీ సిఫారసు లేఖ రాసిచ్చారు. ఏప్రిల్ 13న న్యూయార్క్‌లో విమానమెక్కి, కైరోలో ఇహ్రామ్ ధరించి, జిద్దాలో దిగారు.

జిద్దాలో అధికారులు పాస్‌పోర్టు తీసుకుని ఆయనను ఆపివేశారు. కారణం పాత నేరం కాదు. ఈ అమెరికన్ నిజంగా ముస్లింనా అన్నదే వారి సందేహం. హజ్ న్యాయస్థానం తేల్చేవరకు విమానాశ్రయపు వసతి గృహంలోనే వేచి ఉండవలసి వచ్చింది. భాష రాదు, నమాజ్ కూడా సరిగా రాదు. చివరకు ఉమర్ అజ్జామ్ అనే ప్రముఖునికి ఫోన్ చేయించగా ఆయన వచ్చి ఆదుకున్నారు. న్యాయాధికారి షేఖ్ ముహమ్మద్ హర్కాన్ విచారించి, ఆయన ముస్లిమేనని తీర్పు చెప్పారు. అన్ని రంగులవారితో కలిసి ఒకే పళ్ళెంలో తిని, ఒకే నేలపై నిద్రించి, కాబా తవాఫ్ చేసిన తర్వాత ఆయన ఆలోచనలే మారిపోయాయి. తెల్లవారందరూ దుష్టులేనన్న పాత బోధను వదులుకున్నారు. అల్ హాజ్ మాలిక్ అల్ షబాజ్‌గా స్వదేశం చేరారు.

అయితే పాస్‌పోర్టు చేతిలో ఉన్నంత మాత్రాన ప్రతి దేశమూ తలుపు తీయదు. 1965 ఫిబ్రవరి 9న ప్రసంగించడానికి వెళితే, శాంతిభద్రతల పేరుతో ఫ్రాన్సు ప్రభుత్వం పారిస్ విమానాశ్రయం నుంచే ఆయనను తిప్పి పంపింది. అదే నెల 21న న్యూయార్క్‌లో సభావేదికపై హంతకుల తూటాలకు బలయ్యారు. వయసు 39 ఏళ్ళు. ఆ ఏడాదే వెలువడిన ఆత్మకథలో తన దొంగతనాలనూ, జైలు జీవితాన్నీ దాచకుండా చెప్పుకున్నారు.

మన దేశంలోనూ పాత శిక్ష జీవితాంతం అడ్డు కాదు. 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం ప్రకారం, నీతిబాహ్యమైన నేరానికి రెండేళ్ళు లేదా అంతకు మించి శిక్ష పడి ఉంటే, తీర్పు వచ్చిన ఐదేళ్ళలోపు చేసిన దరఖాస్తును ఆ కారణంగా తిరస్కరించవచ్చు. ఆ గడువు దాటితే అదే కారణం చూపడానికి వీల్లేదు. కేసు ఇంకా నడుస్తున్నట్లయితే కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. దరఖాస్తులో విషయాన్ని దాచడం మాత్రం మరో నేరం. వీసా సంగతి ఆయా దేశాల ఇష్టం.

కాబట్టి ఇంట్లో ఎవరైనా ఒకప్పుడు తప్పుచేసి శిక్ష అనుభవించి వచ్చి ఉంటే, హజ్ మాట వచ్చినప్పుడు వారిని నిరుత్సాహపరచకండి. కాగితాలు చూపించి, నిజం రాయించి, దరఖాస్తు చేయించండి. చిత్తశుద్ధితో తౌబా చేసినవారిని అల్లాహ్ క్షమిస్తాడని నమ్మే మనం, వారిని జీవితాంతం దొంగగానే చూడడం న్యాయం కాదు. అల్లాహ్ మనందరికీ తన గృహ దర్శన భాగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.